మైకుకీ మూతికీ మధ్య బెత్తెడు

సభ ఏదైనా, జ్యోతి వెలిగించడానికి ముందే జరిగే తంతు ఒకటుంది. ఎవరో ఒకరు వేదికెక్కి మైకు నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తారు. అది పలికినట్టు అనిపించకపోతే ‘ఫూ... ఫూ’ అని ఊదుతారు. అప్పటికీ అనుమానం తీరకపోతే ‘హలో, వెనకవాళ్ళకి వినపడుతోందా?’ అంటారు. ఆ మూడో పనే ముందు చేస్తే మొదటి రెండూ అక్కర్లేదు. గొంతు వినడానికి చేసిన వస్తువుని గొంతుతోనే పరీక్షించాలి కదా!

సభల్లో వాడే చేతి మైకు మొండిఘటం. మొట్టికాయలకి అంత తొందరగా చావదు. కానీ ఆ దెబ్బ యాంప్లిఫయర్లో వేల రెట్లు పెరిగి బాక్సుల్లోని ట్వీటర్ల మీద పడుతుంది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చెవుల మీదా పడుతుంది. స్టూడియోల్లో వాడే రిబ్బన్ మైకుదైతే వేరే కథ. అందులో అయస్కాంతాల మధ్య వేలాడే అల్యూమినియం రేకు మందం మన వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. గట్టిగా ఒక్కసారి ఊదితే సాగిపోతుంది. ఆ తర్వాత దాన్ని బాగుచేసే మనిషి కోసం ఊళ్ళు తిరగాల్సిందే.

పెళ్ళిలోనో గుడిలోనో సంతాప సభలోనో సౌండు బాగోలేదంటే నెపం మొదట మైకు మీదికి పోతుంది, తర్వాత మైకుసెట్టు అబ్బాయి మీదికి పోతుంది. ఖరీదైన మైకు తెప్పించి ఉంటే బాగుండేదని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. నిజానికి చాలాసార్లు తప్పు ధరది కాదు. పట్టుకున్న చేతిది, నిలబడ్డ దూరానిది, కొన్న నాటి నుంచీ నీళ్ళు చూడని జాలీది.

గొంతు కరెంటయ్యే చోటు

మన వేదికల మీద కనపడే మైకుల్లో నూటికి తొంభై డైనమిక్ రకం అనుకోవచ్చు. జాలీ కింద పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి వెనకవైపు సన్నటి రాగి తీగచుట్ట అతికించి ఉంటుంది. ఆ చుట్ట అయస్కాంతం సందులో అటూ ఇటూ తగలకుండా నిలబడి ఉంటుంది. మాట గాలిని కదిపితే, గాలి పొరని, పొర చుట్టని కదుపుతుంది. అయస్కాంతం దగ్గర తీగ కదిలితే కరెంటు పుడుతుంది. అంతే, ఇందులో బ్యాటరీ లేదు, సర్క్యూటు లేదు.

ఈ జాతిలో అందరికీ తెలిసిన మైకు షూర్ కంపెనీ ఎస్ఎం58. ఎర్నీ సీలర్ అనే ఇంజనీరు సారథ్యంలో తయారై 1966లో బజారులోకి వచ్చింది. పేరులో ‘ఎస్ఎం’ అంటే స్టూడియో మైక్రోఫోన్ అని అర్థం. పేరు స్టూడియోది, ఏలింది మాత్రం స్టేజీని. అరవయ్యేళ్ళుగా దాని రూపం పెద్దగా మారలేదు. ఐస్‌క్రీమ్ కోనులా ఉండే చేతి మైకు ఏ కంపెనీది కనపడినా దాని నమూనా ఇదే. మన దగ్గర 1940లో మొదలైన అహూజా కంపెనీ మైకులు గుడి నుంచి పార్టీ సభ దాకా అన్నిచోట్లా కనపడతాయి. ఆ జాతి మైకుల లోపలి సూత్రం కూడా ఇదే. ఎస్ఎం58కి నకిలీలు ఎక్కువ కాబట్టి కొనేటప్పుడు ఒకసారి తూచి చూడండి. అసలుది 300 గ్రాములకి కాస్త తక్కువ బరువుంటుంది. నకిలీలు చాలావరకు తేలిగ్గా ఉంటాయి.

మైకుని అర్థం చేసుకోవాలంటే ఒక లెక్క గుర్తుంటే చాలు. దగ్గరగా గట్టిగా మాట్లాడినా అది పుట్టించే కరెంటు ఒకటి రెండు మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే సెల్లు ఇచ్చే దాంట్లో వెయ్యో వంతు. అంత చిన్న గుసగుసని ఊరంతా వినేలా పెంచుతున్నాం. అంటే మైకు మీద జారిన వేలిని, ఊగిన తీగని, వేదిక మీద లాగిన కుర్చీని కూడా అంతే పెంచుతున్నామన్నమాట.

మైకు లేని గొంతులు

ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) హరికథ చెప్పిన కాలంలో చివరి వరసకి వినిపించే బాధ్యత పూర్తిగా గొంతుదే. పద్యనాటకాల నటులూ అంతే. ఎత్తు శ్రుతిలో ఎత్తుకోకపోతే పందిరి అవతల కూర్చున్నవాడికి పద్యం చేరదు. మన రంగస్థలం మీద తారస్థాయి రాగాలాపనకి అంత పేరు రావడానికి రసికత ఒక్కటే కారణం కాదు, వేరే దారి లేకపోవడం కూడా.

గ్రామఫోను రికార్డులకీ మొదట్లో మైకు లేదు. పాడేవాళ్ళు పెద్ద కొమ్ములాంటి గొట్టంలోకి గట్టిగా పాడితే ఆ ఒత్తిడికే సూది కదిలి మైనం మీద గాడి పడేది. మైకుతో రికార్డు చేయడం 1925లో మొదలైంది. ఆ తర్వాతే నెమ్మదిగా పాడే గొంతులకి విలువొచ్చింది. 1932లో మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి ప్లేబ్యాక్ ఇంకా లేదు. నటించేవాళ్ళే మైకుకి అందేలా పాడుకోవాలి. 1938లో మద్రాసులో, 1948 డిసెంబరులో విజయవాడలో రేడియో కేంద్రాలు వచ్చాక మైకు ముందు మాట్లాడటం ఒక విద్య అయింది. వేదిక మీద వెయ్యిమందిని ఉద్దేశించి మాట్లాడే గొంతు రేడియోకి పనికిరాదు. అక్కడ వినేవాడు ఒక్కడే, అతను పక్క గదిలోనే ఉంటాడు. న్యాయపతి రాఘవరావు పిల్లలందరికీ ‘రేడియో అన్నయ్య’ అయ్యారంటే ఆ దగ్గరితనం మైకు ఇచ్చినదే.

చిత్రమేమిటంటే, మైకు వచ్చి తొంభై ఏళ్ళు దాటినా మన వక్తల్లో సగం మంది అది లేనట్టే అరుస్తారు. మిగతా సగం అది మంత్రదండమైనట్టు నడుము దగ్గర పట్టుకుని మాట్లాడతారు.

బెత్తెడు, జానెడు, మూరెడు

ఎంత దూరంలో పట్టుకోవాలి? ఈ ప్రశ్నకి మన పాత కొలతలే చాలు. వేదిక మీద చేతి మైకుకి బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డింగుకి జానెడుకి కాస్త తక్కువ. మూరెడు దూరం వెళితే అది మైకు ముందు మాట్లాడటం కాదు, మైకు ఉన్న గదిలో మాట్లాడటం.

దూరం రెట్టింపయితే మైకుకి అందే శబ్దం బలం సగానికి సగం పడిపోతుంది, డెసిబెల్స్‌లో చెబితే 6 తగ్గుతుంది. బెత్తెడు నుంచి మూరెడుకి వెళితే ఆరో వంతే మిగులుతుంది. అప్పుడు మైకుసెట్టు అబ్బాయి ఏం చేస్తాడు? గెయిన్ పెంచుతాడు. గొంతుతో పాటు సీలింగు ఫ్యానూ, వంటశాలలో గిన్నెలూ, జనరేటరూ అన్నీ పెరుగుతాయి. ముందు పెట్టిన బాక్సుల్లోంచి వచ్చే మాట తిరిగి మైకులో పడుతుంది. అది మళ్ళీ బాక్సుల్లోంచి ఇంకా గట్టిగా వస్తుంది, మళ్ళీ మైకులో పడుతుంది. క్షణంలో ‘కుయ్‌’మని కూత. సభంతా చెవులు మూసుకుని అబ్బాయి వైపు గుర్రుగా చూస్తుంది. మైకు నడుము దగ్గర పట్టుకున్న పెద్దమనిషి కూడా అటే చూస్తాడు!

మరీ మూతికి ఆనించినా చిక్కే. ఇలాంటి మైకులు దగ్గరయ్యే కొద్దీ మంద్ర ధ్వనిని పెంచి చూపిస్తాయి. పీల గొంతుకి అది కాస్త నిండుదనం ఇస్తుంది, రేడియో వాచకానికి అందం ఇస్తుంది. అదే బరువైన గొంతుకైతే మాట బురదలో దిగబడినట్టు ఉంటుంది. మిక్సర్ మీద ‘లో కట్’ అనో ‘80’ అనో రాసిన చిన్న మీట ఉంటుంది. మాటలకి అది నొక్కే ఉండాలి. దానితో మైకు స్టాండు అదురు, అడుగుల చప్పుడు కూడా చాలావరకు పోతాయి.

తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది, మన అక్షరాలతో. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘మామ’ అనండి. గాలి తగలదు. ఇప్పుడు ‘పప్పు’ అనండి, ‘ఫలం’ అనండి, ‘భక్తి’ అనండి. చేతికి తగిలిన ఆ గాలే మైకు పొరని తన్నితే బాక్సుల్లో ‘దబ్’మంటుంది. ఒత్తులు స్పష్టంగా పలికే పురోహితులకీ పద్యకవులకీ ఈ ఇబ్బంది ఎక్కువ. ఒత్తులు మానేయనక్కర్లేదు. మైకుని నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివరకి, కాస్త పక్కగా వాల్చి పట్టుకుంటే మాట మైకులోకి పోతుంది, గాలి పక్కనుంచి పోతుంది. ‘శ్రీ’, ‘శుభం’, ‘సభ’ అన్నప్పుడు వచ్చే ఈల కూడా దాంతో తగ్గుతుంది.

ఇక జాలీని గుప్పిట్లో పట్టుకోవడం. సినిమా పాటల కచేరీలతో, టీవీ షోలతో వచ్చిన ఫ్యాషన్ ఇది. ముందు నుంచి వచ్చే మాటనే విని వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేసే గుణం ఈ మైకులకి ఉంది. ఆ గుణం జాలీ కింద, పొర వెనకాల ఉన్న సన్నటి రంధ్రాల వల్ల వచ్చింది. వెనక నుంచి వచ్చిన శబ్దం ఆ రంధ్రాల్లోంచి కూడా లోపలికి పోయి, పొరకి రెండువైపులా ఒకేసారి తాకి, తనని తానే చెరిపేసుకుంటుంది. గుప్పిట మూస్తే ఆ దారి మూసుకుపోతుంది. మైకు నాలుగువైపులా వినడం మొదలుపెడుతుంది. వెంటనే కూత వస్తుంది. పట్టుకోవాల్సింది కాడని. కార్డ్‌లెస్ మైకైతే కాడ మధ్యలో, ఎందుకంటే చాలా మైకుల్లో యాంటెన్నా అడుగు చివర ఉంటుంది.

మన కళలు, మన కష్టాలు

బుర్రకథ చూడండి. మధ్యలో కథకుడు తంబురాతో, అటూ ఇటూ వంతలు డక్కీలతో. ముగ్గురికీ మూడు మైకులు వరసగా పెడతారు. కథకుడి గొంతు తన మైకులోకీ పోతుంది, కొంచెం ఆలస్యంగా పక్క రెండు మైకుల్లోకీ పోతుంది. మూడూ కలిస్తే గొంతు డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. దీనికి పాతకాలపు సూత్రం ఒకటుంది. నోటికీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ కనీసం దానికి మూడింతలు ఉండాలి. నోటికి జానెడు దూరంలో ఉంటే మైకుల మధ్య మూడు జానలు. బుర్రకథలో కథకుడు ముందుకీ వెనక్కీ చిందేస్తూ ఉంటాడు కాబట్టి ఇంకాస్త ఎడం ఉంటే మంచిది. హరికథకుడి చేతిలో చిడతలుంటాయి. స్టాండు మైకు పెడితే అభినయం కోసం మొహం తిప్పినప్పుడల్లా గొంతు పోతుంది, చిడతల మోత మాత్రం ఖణేల్మని పడుతుంది. చెంపకి అంటుకుని ఉండే హెడ్‌సెట్ మైకు హరికథకి వరం. పంచెకట్టుకి అది నప్పదని మొహమాటపడే దాసులున్నారు. చూసేవాళ్ళకి రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది, వినేవాళ్ళకి రెండు గంటలూ సుఖం.

పద్యనాటకంలో మరీ విచిత్రం. సంభాషణలు ఎక్కడ నిలబడి చెప్పినా, పద్యం రాగానే పాత్రలన్నీ మైకు కింద చేరతాయి. కృష్ణుడైనా దుర్యోధనుడైనా ఆ ఒక్క చోటే నిలబడి రాగం తీయాలి. కత్తి దూసినవాడు, క్షమించమన్నవాడు ఇద్దరూ మైకు కోసం భుజాలు రాసుకుంటారు. దుస్తుల్లో దాచే చిన్న మైకులు అందుబాటులోకి వచ్చాక కూడా చాలా పరిషత్తుల్లో ఇదే తంతు.

పెళ్ళిలో పురోహితుడి ఉత్తరీయానికి కాలర్ మైకు పెట్టి, పది అడుగుల దూరంలో నాదస్వరం వాళ్ళని కూర్చోబెడతారు. గట్టిమేళం అనగానే ఆ మైకులోకి మంత్రం కంటే డోలు ఎక్కువ పోతుంది. ఆ రెండు నిమిషాలు మిక్సర్ మీద పురోహితుడి మైకు మీట (ఫేడర్) దించేస్తే సరిపోతుంది. దానికి తోడు కొందరు నాదస్వరానికి కూడా మైకు పెడతారు. ఆరుబయట, గుడి మాడవీధుల్లో ఊరేగింపు ముందు నడిచే వాద్యం అది. నాలుగు గోడల కల్యాణమండపంలో దానికి మైకు అక్కర్లేదు, చెవులున్నవాళ్ళ మీద దయ ఉంటే చాలు.

రాజకీయ సభల బల్ల మీద ఎనిమిది మంది ముందు ఎనిమిది మైకులు పెట్టి అన్నీ తెరిచి ఉంచడం కూడా మామూలే. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగలిగే సౌండు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎనిమిదికి 9 తగ్గుతుంది. మాట్లాడేది ఎటూ ఒక్కరే, మిగతా ఏడూ మూసేయొచ్చు. అందుకే తెలిసిన మైకుసెట్టు వాళ్ళు మైకు మీద స్విచ్చుకి టేపు అంటించేస్తారు. తెరవడం, మూయడం మిక్సర్ దగ్గర మనిషి చేతిలో ఉంటే అందరికీ క్షేమం.

ఎకో సంగతి చెప్పకపోతే ఈ కథనం పూర్తి కాదు. మనవాళ్ళకి ఎకో మీద ఉన్న మమకారం ఇంతా అంతా కాదు. పాటకి చిటికెడు చాలు. ప్రసంగానికి అసలు వద్దు. నున్నటి గోడలు, గచ్చు నేల ఉన్న హాలు తన ఎకో తానే ఇస్తుంది. దాని మీద మనం ఇంకొంచెం వేస్తే అచ్చులు తేలి హల్లులు మునిగిపోతాయి. ఎవరి గురించి చెబుతున్నారో తెలుస్తుంది, ఏం చెబుతున్నారో తెలియదు.

బొంత కప్పుకున్న స్టూడియో

యూట్యూబు ఛానెల్, పాడ్‌కాస్టు, ఆడియో పుస్తకం... ఇప్పుడు ఇంటికో రికార్డింగు గది. మొదట కొనేది కండెన్సర్ మైకు, మొదటి ఫిర్యాదు ‘గదంతా మోగుతోంది’ అని. ఈ రకం మైకుని 1916లో అమెరికాలో ఇ.సి. వెంటే తయారుచేశాడు. ఇందులో పొర, దాని వెనక లోహపు పలక కలిసి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. అది బతకాలంటే తీగలోంచి 48 వోల్టులు పంపాలి, దాన్ని ఫాంటమ్ పవర్ అంటారు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి, విద్యుదావేశాన్ని శాశ్వతంగా పట్టి ఉంచుకునే ఎలక్ట్రెట్ పొరతో దీన్ని చవక చేశారు. కాలర్ మైకులూ దశాబ్దాల పాటు ఫోన్లలో ఉన్న మైకులూ ఆ సంతతే.

కండెన్సర్ చెవి డైనమిక్ కంటే సుమారు పది రెట్లు చురుకు. అదే దాని గొప్ప, అదే దాని చిక్కు. పక్కింటి కుక్కరు మూడో విజిల్, పై అంతస్తులో బల్ల జరిపిన చప్పుడు, ఫ్రిజ్ హూంకారం అన్నీ రాసిపెడుతుంది. టైల్స్ నేల, ఖాళీ గోడల గదిలో దీనికంటే డైనమిక్ మైకే నయం, దగ్గరగా పెట్టుకుని మాట్లాడితే గది పెద్దగా వినపడదు. కండెన్సరే కావాలంటే ముందు గదిని మార్చండి. గోడకి అంటించే నురగ పలకల కంటే పాత బొంతలు, పరుపు, చీరలు నిండిన తలుపు తీసిన బీరువా ఎక్కువ మేలు చేస్తాయి. మీ మొహానికి ఎదురుగా, మైకు వెనక ఒకటి, మీ వీపు వెనక ఒకటి మందపాటి బొంత వేలాడదీయండి. ఫ్యాను ఆపండి. చెమట పడితే పట్టనివ్వండి.

లెవెల్ విషయంలో ఆశ పనికిరాదు. గట్టిగా పలికినప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఊగితే చాలు. సున్నాని తాకితే మాట చిట్లుతుంది, ఆ చిట్లిన మాటని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. చిన్నగా రికార్డయినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు.

కాలర్ మైకు పెట్టుకునేవాళ్ళకి ఒక సలహా. గడ్డానికి జానెడు కింద, గుండె మధ్యలో పెట్టండి. పట్టుచీర పమిట దాని మీద ఒక్కసారి జారిందంటే ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. నల్లపూసలు ఊగి తగిలినా అంతే. పమిట అంచుని పిన్నుతో బిగించి, మైకు తీగని లోపల చిన్న చుట్టు చుట్టి టేపు వేస్తే లాగినా చప్పుడు రాదు. ఇంటర్వ్యూ అంతా అయ్యాక తెలిసే లోపం ఇది, ముందే హెడ్‌ఫోన్‌లో వినండి.

జాలీ విప్పితే

ఏళ్ళుగా అద్దెకి తిరిగిన మైకు ఒకదాన్ని తీసుకుని జాలీని ఎడమవైపు తిప్పి విప్పండి. ముందు వాసన తెలుస్తుంది. లోపలివైపు అతికిన నల్లటి స్పాంజి గట్టిపడి ఉంటుంది. తీగల సందుల్లో లిప్‌స్టిక్ ఎరుపు, వక్కపలుకు నుసి, గుడి మైకైతే కుంకుమ, విభూతి, సాంబ్రాణి మసి. ఎంతమంది నోటి తడి ఎన్నిసార్లు ఆరిందో లెక్కలేదు. సగం రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. గొంతు గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు మొద్దుగా రావడానికి ఇదే కారణం. మనం మిక్సర్ మీద ట్రెబుల్ పెంచి, కూత తెచ్చుకుని, మైకు పాతబడిపోయిందని కొత్తది కొంటాం.

కడగడం తేలిక. జాలీని మాత్రమే, మైకు మొండేన్ని కాదు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, మెత్తని పళ్ళ బ్రష్షుతో లోపలా బయటా రుద్దండి. స్పాంజిని లాగి చింపకండి. బాగా విదిలించి, నీడలో రాత్రంతా ఆరబెట్టండి. తడి ఉండగా బిగిస్తే ఆ తేమ పొర మీదికి చేరుతుంది. జాలీ తీసి ఉన్నంతసేపూ మైకుని తల కిందికి పెట్టి పట్టుకుంటే నలుసులు లోపల పడవు. లోపలి పొర జోలికి మాత్రం వేలు కాదు, దూది కూడా పోకూడదు. ఒకరి తర్వాత ఒకరు వాడేచోట, గుడ్డ మీద కొంచెం ఐసోప్రొపైల్ స్పిరిట్ వేసి జాలీని తుడిస్తే చాలు. కరోనా రోజుల్లో నేర్చుకున్నట్టు శానిటైజర్ నేరుగా మైకులోకి పిచికారీ చేస్తే క్రిములు పోతాయేమో గానీ మైకు కూడా పోతుంది. స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే కడగొద్దు, జాలీతో సహా మార్చేయండి. ఆ పొడే లోపల పడి పొరని నొక్కేస్తుంది.

అయస్కాంతం ఉన్న వస్తువు కాబట్టి ఇనుప రజను ఎక్కడున్నా లాక్కుంటుంది. వెల్డింగు షాపు పక్కన మైకుసెట్టు షాపు ఉంటే మైకులు సంచిలోనే ఉండాలి. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు ఊళ్ళలో శత్రువు ఉప్పగాలి. డైనమిక్ మైకు ఓర్చుకుంటుంది. కండెన్సర్ మాత్రం తేమ తగిలితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి. ఆ పొట్లాలని రెణ్ణెల్లకోసారి మార్చాలి. కార్డ్‌లెస్ మైకులో సెల్లులు వదిలేసి బీరువాలో పెడితే అవి కారి స్ప్రింగులని తినేస్తాయి. కార్యక్రమం అయిపోగానే సెల్లులు బయటికి తీయడం అలవాటు చేసుకోవాలి. సెల్లు సగం ఉందిగా అని మొదలుపెట్టిన కార్యక్రమాల్లోనే ముఖ్య అతిథి మాట మధ్యలో ఆగిపోతుంది.

తీగ, పిన్ను, ఎర్తు

మైకు పోయిందన్న కేసుల్లో చాలావాటికి అసలు దోషి తీగ. అదీ పిన్ను పక్కన ఉండే బెత్తెడు ముక్క. తీగని మోచేతికి చుట్టి, పిన్నుని కాకుండా తీగని పట్టుకుని లాగి, మీద కుర్చీలు వేసి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెంపుతాం. తీగని వదులుగా గుండ్రంగా, దాని సహజమైన వంపు ప్రకారం చుట్టాలి. గరగర వస్తే ముందు మంచి తీగ మార్చి చూడాలి, ఆ తర్వాతే మైకుని అనుమానించాలి. ఒకసారి టంకం వేస్తే పోయేదానికి కొత్త మైకు కొనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

మూడు కాళ్ళ ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను ఉండగా చవక సెట్లలో ఉండే రెండు కాళ్ళ పి-38 జాక్ ఎందుకు వద్దంటారో తెలుసా? ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకటో కాలు ఎర్తు, రెండూ మూడూ మాటని మోసేవి, ఒకదానికొకటి తలకిందులుగా. దారిలో ట్యూబులైటు చోకు నుంచో కరెంటు తీగ నుంచో ‘జుమ్‌’మనే రొద తగిలితే రెండిటికీ ఒకేలా తగులుతుంది. అవతల మిక్సర్ ఆ రెండిటి తేడానే తీసుకుంటుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది. అందుకే వంద అడుగుల తీగైనా శుభ్రంగా వినపడుతుంది. రెండు కాళ్ళ జాక్‌కి ఆ తెలివి లేదు.

ఎర్తు విషయంలో నిర్లక్ష్యం ప్రాణానికే ముప్పు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే కచేరీ మధ్యలో ఎర్తు సరిగా లేని మైకుని ముట్టుకుని చనిపోయాడు. జాతరల్లో జనరేటరు మీద నడిచే సెట్లు, రెండు కాళ్ళ ప్లగ్గులు, వానకి తడిసిన నేల, ఒట్టికాళ్ళ గాయకులు మన దగ్గర కొత్త కాదు. పెదవికి మైకు తగిలినప్పుడు చీమ కుట్టినట్టు అనిపిస్తే సర్దుకుపోకండి. పాట ఆపేసి లైను చూపించండి.

ఇక సౌండుకీ ఒక హద్దుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఇళ్ళుండే ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మైకు సరిగ్గా పట్టుకుంటే సౌండు పెంచాల్సిన అవసరం సగం తగ్గుతుందని వేరే చెప్పక్కర్లేదు.

కుర్చీ ఎక్కడ?

మన ఫంక్షన్లలో మైకుసెట్టు మనిషిని ఎక్కడ కూర్చోబెడతారో గమనించారా? వేదిక వెనకో, పక్కన మెట్ల కిందో, జనరేటరు దగ్గరో. జనానికి ఎలా వినపడుతోందో అతనికి వినపడదు. కూత వచ్చాక, ఎవరో చెయ్యూపాక తెలుస్తుంది. పూలకీ, ఎల్ఈడీ తెరలకీ, డ్రోను కెమెరాకీ పెట్టిన ఖర్చులో సౌండు వంతు చివర మిగిలినదే. అందులోనూ బేరం.

ఈసారి ఇంట్లో పెళ్ళో, ఊళ్ళో ఉత్సవమో, పుస్తకావిష్కరణో పెట్టుకుంటే రెండు పనులు చేయండి. మిక్సర్‌ని, దాని వెనక మనిషిని జనం మధ్యలో, వేదికకి ఎదురుగా కూర్చోబెట్టండి. కార్యక్రమానికి గంట ముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, మాట్లాడబోయే మనిషినే తీసుకొచ్చి ఆ మైకులోనే ఐదు నిమిషాలు మాట్లాడించండి. ఈ రెండిటికీ అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు.